కొలిమి గాలి, కారు గాలి: ఆగిపోయే ఇంజిన్ చెప్పే చరిత్ర



ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయి. రాయ్‌పూర్ నుంచి దుర్గ్ వైపు సాగే జి.ఇ. రోడ్డు మీద, ఒక కూడలిలో ఎర్రదీపం దగ్గర మీరు కారులో కూర్చున్నారనుకోండి. కారు 2003 నాటిది. కార్బురెటర్ ఉన్న కారు కాదు, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్షన్ ఉన్న కారు. రోడ్డు మీద బాగానే నడిచింది. కానీ ఆగీ ఆగగానే చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. ముల్లు ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి కిందికి పడుతుంది. దీపం పచ్చబడి, మీరు కదలబోయేసరికి ఇంజిన్ ఆగిపోయింది. వెనక లారీ హారన్ మోగుతోంది.

ఇది చిన్న ఇబ్బందిలా కనిపిస్తుంది. కానీ ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకు సరిపోతుంది. ఆ తరువాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇదే సంగతి మలుపులోనో, రైల్వే గేటు మధ్యలోనో జరిగితే? పోనీ, ఏదో ఒక మరమ్మతు దుకాణానికి వెళితే, ఒకరు ప్లగ్గులు మార్చమంటారు, ఇంకొకరు పంపు మార్చమంటారు, మూడో వారు కంప్యూటరే పోయిందంటారు. అన్నీ మార్చాక కూడా వణుకు అలాగే ఉంటుంది. కుటుంబం నెల జీతం అందులో పోతుంది.

ఈ పాఠంలో మనం రెండు విషయాలు తెలుసుకుందాం. మొదటిది, ఇంజిన్‌కు గాలినీ ఇంధనాన్నీ కొలిచి అందించే పద్ధతి ఎలా మారుతూ వచ్చింది? రెండవది, ఆ చరిత్ర తెలిసిన వాడికి ఈ వణుకు కారణం వెతకడం ఎందుకు సులువవుతుంది?

భిలాయి కొలిమి దగ్గర మొదలుపెడదాం

భిలాయిని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో ఇక్కడి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొంది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తొలిదశలో లక్ష్యం ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు. ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చేది. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి వచ్చిన వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఎందరో ఉన్నారు. సెక్టార్ల క్వార్టర్లలో తెలుగు వినిపించని వీధి తక్కువే.

ఆ కుటుంబాల్లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసిన ఏ తాతగారిని అడిగినా ఒక మాట చెబుతారు: కొలిమికి ప్రాణం గాలి. పైనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి వేస్తారు. కింద చుట్టూ ఉన్న ట్యుయర్లనే నాళాల గుండా సుమారు వెయ్యి డిగ్రీల వేడిగాలిని ఒత్తిడితో ఊదుతారు. ఆ గాలి పీడనమెంత, వేడిమెంత, పరిమాణమెంత అనేది నిరంతరం కొలుస్తూ ఉంటారు. లోపల ఏం జరుగుతోందో కంటితో చూడడానికి వీలులేదు. అందుకని కొలిమి పైనుంచి వచ్చే వాయువును పరీక్షిస్తారు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని చూసి, లోపలి సంగతి గ్రహిస్తారు.

ఈ మూడు పనులను గుర్తుంచుకోండి. వెళ్లే గాలిని కొలవాలి. దానికి తగ్గ ఇంధనం ఇవ్వాలి. వచ్చే పొగను చూసి సరిదిద్దాలి. కారు ఇంజిన్ ఈ మూడు పనులను నేర్చుకోవడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది.

ఐడిలింగ్ అంటే ఏమిటి?

కారు నిలబడి ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు, ఇంజిన్ తనంతట తాను నెమ్మదిగా తిరగడాన్ని ఐడిలింగ్ అంటారు. మన మెకానిక్కులు దీనినే 'స్లో' అంటారు. 'స్లో నిలవడం లేదు' అనే మాట మీరు వినే ఉంటారు. చిన్న కార్లలో ఇది నిమిషానికి సుమారు 800 చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి ప్రతి సిలిండర్‌లోనూ మంట రావాలి. అంటే నిమిషానికి 1,600 మంటలు, సెకనుకు దాదాపు 27. వీటిలో కొన్ని తప్పినా కారు వణుకుతుంది. మూడు సిలిండర్ల మారుతి 800 వంటి కారులో ఒక సిలిండర్ పనిచేయకపోతే మూడో వంతు బలం పోయినట్టే.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎక్కువైతే మిశ్రమం పలచబడుతుంది, మంట అందుకోదు. ఇంధనం ఎక్కువైతే మిశ్రమం చిక్కబడుతుంది, ప్లగ్గులు మసిబారుతాయి, నల్లటి పొగ వస్తుంది.

ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు చిన్న తప్పులు వేగంలో కలిసిపోతాయి. ఐడిలింగ్‌లో అలా కాదు. ఒక చిన్న లెక్క చూడండి. ఇది ఉదాహరణ కోసమే. ఐడిలింగ్‌లో ఇంజిన్ 10 పాళ్ల గాలి పీలుస్తుందనుకోండి. ఎక్కడో చిరిగిన గొట్టం నుంచి 2 పాళ్ల గాలి దొంగతనంగా చొరబడింది. అది అయిదో వంతు! అదే కారు రోడ్డు మీద 100 పాళ్లు పీల్చేటప్పుడు ఆ 2 పాళ్లు నూటికి రెండే. ఇంజిన్ గమనించను కూడా గమనించదు. రోడ్డు మీద బాగా నడిచే కారు కూడలిలో ఎందుకు ఆగిపోతుందో ఇప్పుడు అర్థమైంది కదా!

కార్బురెటర్ కాలం

తొలి మోటారు వాహనాలలో పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి, ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి పంపేవారు. 1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో దొనాత్ బాంకి, యానోష్ చోంకా పెట్రోలును సన్నటి తుంపరగా చిమ్మే కార్బురెటర్లను రూపొందించారు. సూత్రం సరళం. గాలి ఇరుకైన గొంతు గుండా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలకు పక్కనున్న సన్నని జెట్ నుంచి పెట్రోలు పైకి లాగబడుతుంది. ఎక్కువ గాలి పోతే ఎక్కువ పెట్రోలు, తక్కువ గాలికి తక్కువ.

అయితే ఐడిలింగ్‌లో గాలి మరీ తక్కువ. గొంతు దగ్గర లాగే బలమే ఉండదు. అందుకే కార్బురెటర్‌లో ఐడిలింగ్‌కు వేరే దారి, వేరే జెట్, వేరే స్క్రూ పెట్టవలసి వచ్చింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిచిన రోజుల్లో మెకానిక్ ఒక చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూను పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పి, చెవితో విని 'స్లో' నిలబెట్టేవాడు. అది గొప్ప నేర్పు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా మొదట కార్బురెటర్‌తోనే వచ్చింది.

ఆ నేర్పుకు ఒక పరిమితి ఉంది. కార్బురెటర్ గాలిని కొలవదు. గాలి లాగుడుకు లొంగుతుంది, అంతే. పొగలో ఏముందో దానికి తెలియదు.

ఆకాశంలో ఆగిపోయిన ఇంజిన్

కార్బురెటర్ పరిమితి ప్రపంచానికి ఘాటుగా తెలిసింది రోడ్డు మీద కాదు, ఆకాశంలో. 1940లో బ్రిటన్ గగనతలంలో యుద్ధం జరుగుతోంది. బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజిన్‌కు కార్బురెటర్ ఉండేది. జర్మన్ మెసర్‌ష్మిట్ 109 విమానానికి ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ ఉండేది. జర్మన్ పైలట్ ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా దూకితే, వెంటాడే బ్రిటిష్ విమానం అలాగే దూకబోయి దగ్గి, ఆగినంత పని చేసేది. ఆ కుదుపుకు కార్బురెటర్ తొట్టిలోని పెట్రోలు పైకి ఎగసి, జెట్టుకు మొదట ఇంధనం అందేది కాదు. మరుక్షణం మోతాదు మించి వచ్చిపడి ఇంజిన్ ఉక్కిరిబిక్కిరయ్యేది.

ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజినీరు ఈ సమస్యను పరిశీలించారు. ఆమె ఇంజిన్‌ను మార్చమనలేదు. ఇంజిన్ పూర్తి బలంతో తిరగడానికి గరిష్ఠంగా ఎంత ఇంధనం కావాలో లెక్కకట్టారు. సరిగ్గా అంతే పోనిచ్చే రంధ్రం ఉన్న ఒక చిన్న లోహపు బిళ్లను ఇంధనం వచ్చే దారిలో పెట్టించారు. 1941లో ఆ బిళ్లలు యుద్ధ విమానాలకు అమర్చారు. ఆగిపోయే ప్రమాదం చాలావరకు తగ్గింది. పూర్తి పరిష్కారం తరువాత వచ్చిన కొత్త కార్బురెటర్లతో దొరికింది.

విద్యార్థులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆమె విజయానికి కారణం బిళ్ల కాదు. ఇంజిన్ ఏ క్షణంలో, ఏ వరుసలో ఆగుతోందో ముందు గమనించారు. ఆ తరువాతే చెయ్యి పెట్టారు. పాత కారు మరమ్మతుకు కూడా ఇదే బాట.

'డి' అక్షరం, 'ఎల్' అక్షరం

యుద్ధం తరువాత ఇంజెక్షన్ కార్లలోకి దిగింది. 1954లో మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్.ఎల్. యాంత్రిక ఇంజెక్షన్‌తో వచ్చింది. అది ఖరీదైన వ్యవహారం. అమెరికాలో బెండిక్స్ సంస్థ 1950ల చివర విద్యుత్తుతో పనిచేసే ఇంజెక్షన్‌ను ప్రయత్నించింది గానీ నాటి ఎలక్ట్రానిక్స్ దానికి సరిపోలేదు. 1967లో జర్మనీ సంస్థ బాష్, ఫోక్స్‌వ్యాగన్ కారులో డి జెట్రానిక్ అనే పద్ధతిని విజయవంతంగా పెట్టింది. 1970లలో ఎల్ జెట్రానిక్ వచ్చింది.

ఈ అక్షరాలు మనకు చాలా ముఖ్యం. జర్మన్ భాషలో 'డ్రుక్' అంటే పీడనం, 'లుఫ్ట్' అంటే గాలి. డి పద్ధతి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచి, ఎంత గాలి వచ్చి ఉంటుందో లెక్కకడుతుంది. ఎల్ పద్ధతి లోపలికి వచ్చే గాలినే దారిలో కొలుస్తుంది. నేటికీ పెట్రోలు కార్లు ఎక్కువగా ఈ రెండు కుటుంబాలకు చెందినవే. మొదటి కుటుంబానికి మ్యాప్ సెన్సర్, రెండో కుటుంబానికి మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటుంది. మన చిన్న కార్లలో చాలా వాటికి మ్యాప్ సెన్సరే.

దొంగగాలి చొరబడితే ఈ రెండూ వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. ఎల్ కుటుంబంలో ఆ గాలి కొలత తరువాత దూరింది కనుక కంప్యూటర్‌కు దాని సంగతే తెలియదు. ఇంధనం చాలదు, మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వణికి ఆగిపోతుంది. డి కుటుంబంలో ఆ గాలి మానిఫోల్డ్ పీడనాన్ని పెంచుతుంది. 'గాలి ఎక్కువ వచ్చింది' అని కంప్యూటర్ ఇంధనం కూడా పెంచుతుంది. అందుకని మొదట ఐడిలింగ్ వేగం అనవసరంగా పెరుగుతుంది, తగ్గించబోతే పైకీ కిందికీ ఊగుతుంది. ఒకే చిరుగు, రెండు రకాల జబ్బు! కారు ఏ కుటుంబానిదో తెలియకుండా వైద్యం చేస్తే ఎలా కుదురుతుంది?

మూడో మెట్టు పొగను చూడడం. 1976లో వోల్వో కారులో పొగగొట్టంలో ఆక్సిజన్‌ను గుర్తించే లాంబ్డా సెన్సర్ వచ్చింది. ఇంజిన్ తన పొగను తానే చూసుకొని ఇంధనాన్ని సరిచేసుకోవడం మొదలైంది. భిలాయి కొలిమి పైవాయువు పరీక్ష చేసే పనినే వేలంత సెన్సర్ కారులో చేయసాగింది.

మన దేశంలోకి ఎలా వచ్చింది?

మన దేశంలో ఇంజెక్షన్‌ను తెచ్చింది ఫ్యాషన్ కాదు, ఊపిరాడని నగరాల గాలి. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం కలిసిన పెట్రోలు కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతంలో యూరో ప్రమాణాలను త్వరగా అమలు చేయాలని ఆదేశించింది. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతటా మొదటి మెట్టు ప్రమాణాలు, 2005 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 2 అమలయ్యాయి. కార్బురెటర్‌తో ఈ మెట్లెక్కడం కష్టమైంది.

1998లో వచ్చిన హ్యుందాయ్ సాంత్రో మొదటి నుంచీ ఎం.పి.ఎఫ్.ఐ.తో, అంటే ప్రతి సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్‌తో వచ్చింది. కొద్దికాలంలోనే మారుతి కార్లూ అదే బాట పట్టాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన నాటికి ఆ నాలుగు అక్షరాలు కార్ల వెనక అద్దాల మీద గర్వంగా మెరిసేవి. మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. కానీ ఆ తరం ఇంజెక్షన్ కార్లు ఎన్నో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి రబ్బరు గొట్టాలు పాతబడ్డాయి, తీగలు పెళుసెక్కాయి. వయసు మీద పడింది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఇంజెక్షన్ కారు తన జబ్బును దాచుకుంటుంది. గాలి కొంచెం కారితే కంప్యూటర్ సర్దుకుంటుంది. ప్లగ్గు కొంచెం అరిగితే ఇంకొంచెం సర్దుకుంటుంది. సర్దుకునే హద్దు దాటిన రోజున ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ పనిచేయదు. థ్రాటిల్ దగ్గర రంగు పూసి బిగించిన స్క్రూను తిప్పితే ఉన్న లెక్క కూడా చెడుతుంది.

వెతికే క్రమం

ఇప్పుడు మన కూడలిలోని కారు దగ్గరకు తిరిగి వద్దాం. చెయ్యి పెట్టకముందు అడగవలసిన మొదటి ప్రశ్న: ఎప్పుడు ఆగుతోంది?

ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆగితే నీటి ఉష్ణోగ్రత సెన్సర్‌ను, ఐడిల్ వాల్వ్‌ను అనుమానించాలి. ఇంజిన్ వేడిగా ఉందని సెన్సర్ అబద్ధం చెబితే, చల్లటి ఇంజిన్‌కు కావలసిన అదనపు ఇంధనం అందదు. ఏ.సి. వేయగానే ఆగితే, ఆ బరువుకు తగ్గ గాలి ఇవ్వవలసిన ఐడిల్ వాల్వ్ మసిబారి ఉండవచ్చు. బ్రేకు తొక్కగానే ఆగితే బ్రేకు బూస్టర్ వైపు గాలి కారుతోందేమో చూడాలి. భిలాయిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బాగా వేడెక్కాక ఆగి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయితే క్రాంక్ సెన్సర్‌నో, ఇగ్నిషన్ కాయిల్‌నో పరీక్షించాలి.

రెండో ప్రశ్న: ఎలా ఆగుతోంది? స్విచ్ ఆపినట్టు టక్కున ఆగితే చాలాసార్లు దోషం విద్యుత్తులో ఉంటుంది. దగ్గుతూ, గింజుకుంటూ ఆగితే గాలిలోనో ఇంధనంలోనో ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. సగం దారి ఇక్కడే తేలిపోతుంది.

మూడోది, హెచ్చరిక దీపం. 'చెక్ ఇంజిన్' దీపం వెలిగితే కంప్యూటర్‌లో ఒక సంకేతం నమోదై ఉంటుంది. పి 0171 అంటే మిశ్రమం పలచగా ఉందని, పి 0300 అంటే మంటలు తప్పుతున్నాయని, పి 0505 అంటే ఐడిల్ నియంత్రణలో లోపమని అర్థం. అంతకుముందు తరం కార్లలో కొన్ని దీపాన్ని మినుకుమినుకుమనిపించి సంకేతం చెప్పేవి. ఒక్కటి మరచిపోకండి: సంకేతం వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు చెప్పదు. 'మిశ్రమం పలచన' అన్నంత మాత్రాన ఆక్సిజన్ సెన్సర్ పాడైందని కాదు. ఆ సెన్సర్ నిజమే చెబుతూ ఉండవచ్చు.

నాలుగోది, గాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి మానిఫోల్డ్ దాకా ప్రతి రబ్బరు గొట్టాన్నీ వేలితో వంచి చూడండి. మడత దగ్గర పగుళ్లు దాగి ఉంటాయి. ఇంజిన్ తిరుగుతుండగా 'స్స్' అనే శబ్దం వినిపిస్తుందేమో చెవి పెట్టండి. సన్నని గొట్టాలను ఒక్కొక్కటిగా మెత్తగా నొక్కి పట్టి, ఏది నొక్కితే వణుకు తగ్గుతుందో గమనించండి. విద్యుత్ భాగాలకు దూరంగా, అనుమానం ఉన్న అతుకు మీద నీటి తుంపర చల్లినా తేడా తెలుస్తుంది. మండే ద్రవాలను వేడి ఇంజిన్ మీద చల్లడం ప్రాణాంతకం. మ్యాప్ సెన్సర్‌కు గొట్టం ఉన్న కార్లలో ఆ గొట్టమే ఊడితే, కంప్యూటర్ ఇంజిన్ నిండా గాలి ఉందనుకొని ఇంధనం కుమ్మరిస్తుంది. నల్లపొగ వచ్చి కారు ఆగుతుంది. థ్రాటిల్ రేకు అంచున పేరుకున్న నల్లటి మసిని తుడవడంతోనే ఎన్నో కార్ల 'స్లో' నిలబడుతుంది.

అయిదోది, నిప్పు. ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టండి. లేత గోధుమరంగు ఆరోగ్యం. తెల్లగా కాలితే మిశ్రమం పలచన, నల్లటి మసి పడితే చిక్కన. ఒక్క ప్లగ్గు మాత్రమే తేడాగా ఉంటే దోషం ఆ సిలిండర్‌లోనే ఉంది. ఏ సిలిండర్ సోమరిదో తెలుసుకోవడానికి, ఐడిలింగ్‌లో ఇంజెక్టర్ల కనెక్షన్ ఒక్కొక్కటే తీసి పెట్టాలి. తీసినప్పుడు ఇంజిన్ వేగం పడిపోతే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా మార్పు లేకపోతే అదే నేరస్థురాలు. పాత పద్ధతిలో ప్లగ్గు తీగను చేత్తో లాగడం ఇక్కడ పనికిరాదు. షాక్ కొడుతుంది, కాయిల్ దెబ్బతింటుంది.

ఆరోది, ఇంధనం. ఈ కార్లలో పంపు ట్యాంకులోనే, పెట్రోలులోనే మునిగి ఉంటుంది. ఆ పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో తిప్పితే పంపు వేడెక్కి ముందే అలసిపోతుంది. ఆ తరం కార్లలో గొట్టంలోని పీడనం సాధారణంగా మూడు బార్ల దరిదాపుల్లో ఉంటుంది. దీన్ని గేజితోనే కొలవాలి. పీడనాన్ని తగ్గించకుండా గొట్టం విప్పకూడదు, దగ్గర నిప్పు ఉండకూడదు. ఇది నేర్చినవారి పర్యవేక్షణలో చేయవలసిన పని. ప్రెషర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టంలో పెట్రోలు తడి కనిపిస్తే లోపలి పొర చిరిగినట్టే. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. 2022లో దేశ సగటు పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, దానికోసం తయారు కాని పాత రబ్బరును దెబ్బతీయగలదు. కనుక పాత కార్ల ఇంధన గొట్టాలను, ఫిల్టర్‌ను తరచుగా చూసుకోవాలి.

ఏడోది, మిగిలినవి. బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు, బాడీకి వెళ్లే ఎర్తు తీగలు తుప్పు పట్టాయా? వారాల తరబడి క్వార్టర్ ముందు కదలకుండా ఉన్న కారులో ఎలుకలు తీగలు కొరికాయా? టప్పెట్ల సందు సరిగా ఉందా? సిలిండర్‌లో కంప్రెషన్ ఉందా? చివరిగా ఒక తమాషా: ముల్లు నిలకడగా ఉండి కారు మాత్రం వణుకుతుంటే, ఇంజిన్ ఆరోగ్యంగానే ఉండి దాని కింది రబ్బరు దిమ్మలు చచ్చి ఉండవచ్చు. అప్పుడు ఎన్ని సెన్సర్లు మార్చినా డబ్బు దండగ!

ఈ పరీక్షలన్నీ ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో నడిచే ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. కొలిమి దగ్గర పనిచేసే వారికి ఈ వాయువు ఎంత ప్రమాదమో బాగా తెలుసు.

ముగింపు

విద్యార్థులారా, ఈ క్రమాన్ని మళ్లీ చూడండి. అడగడం, గమనించడం, కొలవడం, ఆ తరువాతే మార్చడం. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చైన భాగం చివర. ఒకసారికి ఒక్కటే మార్పు. మార్చిన తరువాత తేడా వచ్చిందో లేదో చూడడం. బియాట్రిస్ షిల్లింగ్ చేసింది ఇదే. భిలాయిలో వేడిగాలిని కొలిచి, పైవాయువును పరీక్షించి కొలిమిని నడిపినవారు రోజూ చేసింది ఇదే.

దీనివల్ల మిగిలేది డబ్బొక్కటే కాదు. పెట్రోలు కారు కాలుష్య పరీక్షలో పొగను ఐడిలింగ్‌లోనే కొలుస్తారు. వణికే ఇంజిన్ కూడలిలో మన పిల్లలు పీల్చే గాలిని పాడుచేస్తుంది. సరైన నిర్ధారణ ఒక కుటుంబాన్ని నడిరోడ్డు ప్రమాదం నుంచి తప్పిస్తుంది. చెవితో 'స్లో' నిలబెట్టిన తరం మెకానిక్కుల అనుభవానికి గేజి, స్కానర్ తోడైతే వారి వృత్తి కూడా నిలుస్తుంది. పాత నేర్పు పనికిరానిదైపోలేదు, దానికి కొలత తోడు కావాలి. మీలో ఎవరైనా ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఇంజినీరింగ్ కళాశాలలోనో చేరినప్పుడు, మీ వీధి చివర మెకానిక్ పక్కన ఒక పూట కూర్చోండి. ఆయన చెవి నేర్పే పాఠం మీ పుస్తకంలో ఉండదు. మీ పుస్తకంలోని పీడనం లెక్క ఆయనకూ ఉపయోగపడుతుంది.

ఆలోచించండి, చేసి చూడండి

1. ఒకే గాలి కారుడు ఐడిలింగ్‌లో ఎక్కువగా, రోడ్డు వేగంలో తక్కువగా ఎందుకు బాధిస్తుంది? మీ సొంత అంకెలతో వివరించండి.

2. పీడనాన్ని కొలిచే కారు, గాలిని కొలిచే కారు, ఈ రెండింటిలో దొంగగాలి లక్షణాలు ఎలా వేరవుతాయి?

3. బ్లాస్ట్ ఫర్నేస్ పైవాయువు పరీక్షకు, లాంబ్డా సెన్సర్‌కు గల పోలికలను, భేదాలను రాయండి.

4. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో ఉన్న పాత కారు ఎప్పుడు, ఎలా ఆగుతోందో వారం రోజులు ఒక పుస్తకంలో రాయండి. ఏ భాగాన్నీ మార్చకముందు ఆ పుస్తకాన్ని మెకానిక్‌కు చూపించండి.